స్ప్లెండర్ మీద తిరిగేవాడు రైడర్ కాడా?

ఈసారి ఉత్తరం రాజమహేంద్రవరం నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు. పదకొండు పేజీల ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెప్తాను.

ఆయనకు ముప్పై ఆరేళ్ళు. మందుల కంపెనీలో మెడికల్ రిప్రజెంటేటివ్. 2014లో కొన్న స్ప్లెండర్ మీద రోజుకు తొంభై కిలోమీటర్ల దాకా తిరుగుతారు. ఒకరోజు మండపేట, రామచంద్రపురం. ఒకరోజు రావులపాలెం, అమలాపురం. ఇంకోరోజు గోదావరి దాటి కొవ్వూరు, నిడదవోలు. బండి మీటరు ఇప్పటికే రెండుసార్లు తిరిగి సున్నాకు వచ్చిందట. ఇంట్లో భార్య, ఏడేళ్ళ పాప. నాన్నగారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశారు. రాజ్‌దూత్ మీద లంక ఊళ్ళన్నీ తిరిగేవారు. ఆ రాజ్‌దూత్ ఇప్పుడు సొంతూళ్ళో పశువుల పాకలో ఉంది.

రెండేళ్ళ కిందట, ఆయన పని మీద కలిసే డాక్టరు ఒకరు "ఆదివారం మాతో రైడ్‌కి రావోయ్" అని పిలిచారు. ఆ బృందంలో పద్దెనిమిది మంది. డాక్టర్లు, ఇద్దరు బిల్డర్లు, ఒక నగల కొట్టు యజమాని. అందరివీ 350 సీసీ, ఆపైన బళ్ళు. మొదట్లో సరదాగానే ఉండేది. తర్వాత ఈయన బండికి పక్కన వేలాడే శాంపిల్స్ బ్యాగు చూసి "టిఫిన్ క్యారేజీ" అని పేరు పెట్టారు. గ్రూప్ ఫోటో తీసేటప్పుడు స్ప్లెండర్‌ని కాస్త పక్కకు పెట్టమంటారు. "350 లోపు బండి నడపడమే గానీ రైడింగ్ కాదు" అన్నది వాళ్ళలో ఒకాయన ఊతపదం.

డిసెంబరులో మారేడుమిల్లి వెళ్తూ, రంపచోడవరం దాటాక ఒక మలుపులో ఈయన జారి పడ్డారు. మోచెయ్యి, మోకాలు గీరుకుపోయాయి. ముందు వెళ్ళినవాళ్ళు ఎవరూ వెనక్కి రాలేదు. చింతపండు మూట వేసుకుని టీవీఎస్ ఎక్సెల్ మీద వస్తున్న ఒక పెద్దాయన ఆగి, బండి లేపి, మంచినీళ్ళిచ్చి వెళ్ళాడు. మారేడుమిల్లి చేరేసరికి అక్కడ బొంగులో చికెన్ సగం అయిపోయింది. "ఏంటోయ్, పంచరా?" అనడిగితే అవునన్నారట. ఇంటికొచ్చి భార్యతో మెట్ల మీద జారానన్నారు.

జూన్‌లో ఆ బృందం లడఖ్ వెళ్తోంది. పద్నాలుగు రోజులు. 350కి తగ్గిన బండి రాకూడదని నియమం. ఈయన స్ప్లెండర్ అమ్మేసి, మూడు లక్షల పైచిలుకు పెట్టి 450 సీసీ బండి తీసుకోవాలనుకుంటున్నారు. లోను 2,60,000, మూడేళ్ళు, నెలకు 8,500. జీతం 36,000. ముందు కట్టాల్సిన సొమ్ముకు భార్య గొలుసు తాకట్టు పెడదామని అడిగితే ఆవిడ అన్న మాట ఇది: "మీకు బండి కావాలా, వాళ్ళ మెప్పు కావాలా? బండి అయితే నేనే గొలుసు తీసిస్తాను. మెప్పయితే ఇవ్వను."

ఉత్తరం చివర్న ఆయన అడిగింది: "నిజమైన రైడర్ అంటే ఎవరు సార్? నేను ఏం చేస్తే అవుతాను?"

తమ్ముడూ,

మీరడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను, దాని వెనక ఉన్న సంగతికి తర్వాత వస్తాను.

మన భాషలో మోటార్‌సైకిల్ నడిపే మనిషికి గౌరవంగా పిలిచే మాట లేదు, గమనించారా? పేపర్లో "ద్విచక్ర వాహనదారుడు" అని వస్తుంది. అదీ హెల్మెట్ చలానాల వార్తలోనో, లారీ గుద్దిన వార్తలోనో. ఇంట్లో మాత్రం "బండి మీద వెళ్ళాడు", "బండి బాగా తోలతాడు" అంటాం. ఎడ్లబండికీ అదే మాట. తోలడం అంటే ఎద్దు సంగతి, దారి సంగతి, బండిలో కూర్చున్న మనుషుల సంగతి అన్నీ చూసుకోవడం. "రైడర్" అనే మాట నిన్నగాక మొన్న వచ్చింది. వస్తూ వస్తూ తోలు జాకెట్టునీ, పుర్రె బొమ్మనీ వెంటపెట్టుకొచ్చింది. ఆ పుర్రె బొమ్మ అమెరికాది. 1947లో కాలిఫోర్నియాలో హాలిస్టర్ అనే చిన్న ఊళ్ళో బైకుల వాళ్ళు చేరి కాస్త గలాటా చేస్తే, అక్కడి పత్రికలు దాన్ని గోరంతలు కొండంతలు చేశాయి. బైకువాడంటే రౌడీ అన్న ముద్ర అప్పటి నుంచి బాగా ముదిరింది. ఆ ముద్రనే కొందరు ముచ్చటపడి వీపు మీద కుట్టించుకున్నారు. నగల కొట్టు యజమాని వీపు మీద పుర్రె ఎందుకని నన్నడక్కండి.

ఇక సీసీల లెక్క. మీ బృందంలో ఎవరినైనా యమహా ఆర్‌ఎక్స్ 100 గురించి కదిలించి చూడండి. కళ్ళు చెమరుస్తాయి. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఆ బండి కోసం ఇప్పటికీ వేలకు వేలు పోసి పాత ఇంజన్లు బాగుచేయించుకుంటున్నారు. దాని ఇంజన్ 98 సీసీ. మీ స్ప్లెండర్‌ది 97.2. ఆర్‌ఎక్స్ చురుకు వేరు, టూ స్ట్రోక్ బండి, ఒప్పుకుంటాను. కానీ 350 లోపు రైడింగే కాదన్న పెద్దమనిషి ఆర్‌ఎక్స్ 100ని చూసి ఏమంటాడో నాకు వినాలనుంది. మీ నాన్నగారి రాజ్‌దూత్ 175. నేను పద్నాలుగేళ్ళు తిరిగిన యెజ్డీ 250. అందులో కిక్కు కొట్టే రాడ్డే మడిస్తే గేరు రాడ్డు అయ్యేది. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు.

టెడ్ సైమన్ అని ఒక ఇంగ్లీషు విలేకరి ఉండేవాడు. 1973లో లండన్ నుంచి 500 సీసీ ట్రయంఫ్ మీద బయల్దేరి, నాలుగేళ్ళపాటు మన దేశం కూడా కలుపుకుని ప్రపంచమంతా లక్ష కిలోమీటర్లు తిరిగాడు. ఈ యాత్ర చేయాలని బుద్ధి పుట్టేనాటికి ఆయనకు మోటార్‌సైకిల్ లైసెన్సే లేదు. మీరు తిరిగింది రెండు లక్షల పైచిలుకు. భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లు, అంటే మీరు మండపేటా అమలాపురం తిరుగుతూనే భూమిని అయిదుసార్లు చుట్టేశారు. ఆ దూరంలో మీరు నేర్చుకున్నవి చిన్నవి కావు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం అంచున టైరు ఎలా జారుతుందో, వాటిని తొక్కకుండా పెట్టిన రాళ్ళు చీకట్లో ఎక్కడుంటాయో, ఇసుక లారీ వెనక ఎంత దూరం ఉండాలో, గట్టు మీద కుక్క ఎటు దూకుతుందో, రంగు వెయ్యని స్పీడు బ్రేకరు ఏ బడి ముందు ఉంటుందో, ఇవన్నీ మీ చేతులకు తెలుసు. ఆదివారం రైడర్లలో చాలామందికి తెలియవు.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు అదే. మీరు బండి నడిపేవాళ్ళే, అందులో అనుమానం లేదు. అయితే పొగిడి పంపడానికి నేను ఇది రాయడం లేదు.

పదకొండు పేజీల ఉత్తరంలో మీరు పడిన సంగతికి కేటాయించింది ఆరు వాక్యాలు. ఫోటోలో బండిని పక్కకు పెట్టమన్న సంగతికి పేజీన్నర. నాకు మాత్రం ఆ ఆరు వాక్యాలే అన్నిటికంటే ముఖ్యంగా కనిపించాయి. మీరు రాసింది ఇలా ఉంది: ముందున్నవాళ్ళు కనబడకుండా పోతున్నారని వేగం పెంచారు, నాలుగో గేరులో అరవైతో మలుపులోకి వెళ్ళారు, లోపలికి వెళ్ళాక కంకర కనిపించింది, వెనక బ్రేకు గట్టిగా తొక్కారు, వెనక చక్రం పక్కకు వెళ్ళిపోయింది.

పడడానికి కారణం కంకర ఒక్కటే అయితే, ఆ ఎక్సెల్ పెద్దాయన కూడా పడాలి. చింతపండు మూటతో ఆయన ఆ మలుపు రోజూ దాటుతున్నాడు.

బండి మలుపులో వాలి ఉన్నప్పుడు టైరు పట్టులో చాలా భాగం బండిని తిప్పడానికే ఖర్చవుతుంది. బ్రేకుకు మిగిలేది కొంచెమే. ఆ కొంచెం కంటే గట్టిగా తొక్కితే చక్రం తిరగడం ఆగి జారుతుంది. అందుకే వేగం తగ్గించుకోవడం, గేరు దించుకోవడం మలుపు రాకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. ఇంకో లెక్క కూడా ఉంది. మలుపులో నలభై బదులు అరవైతో వెళ్తే టైరు మీద పడే పక్క ఒత్తిడి ఒకటిన్నర రెట్లు అవుతుందనుకుంటాం. అది రెండుంపావు రెట్లు అవుతుంది. పైగా అరవైతో వెళ్ళే బండి సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లు పోతుంది. కంకర చూసి, బ్రేకు తొక్కాలని తోచేలోపే ఒక ఇంటి స్థలం దాటేస్తారు.

మీరు వెనక బ్రేకు ఒక్కటే తొక్కారు. ఎందుకో ఊహించగలను. "ముందు బ్రేకు పడితే పల్టీ కొడతావు" అని మనకు బండి నేర్పిన ప్రతి బాబాయీ చెప్పాడు. నాకూ చెప్పారు. నిజానికి బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, కాబట్టి పొడి రోడ్డు మీద, తిన్నగా వెళ్తున్నప్పుడు బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. ఒక్కసారిగా పిసికితే ప్రమాదం. మెల్లగా మొదలుపెట్టి బిగిస్తే అదే కాపాడుతుంది. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసర్ లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల తొమ్మిది వందల మోటార్‌సైకిల్ ప్రమాదాలను దగ్గరుండి పరిశీలించి నివేదిక ఇచ్చాడు. ప్రమాదం ఎదురైన క్షణంలో చాలామంది వెనక బ్రేకు అతిగా తొక్కి జారడం, ముందు బ్రేకు చాలినంత వాడకపోవడం అందులో ప్రముఖంగా కనిపించింది. అంటే మీ పొరపాటు మీ ఒక్కరిదీ కాదు, స్ప్లెండర్‌దీ కాదు. ఆ మలుపులో అదే పని 450 బండి మీద చేసి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి. మీది నూట పది కిలోల బండి. మీరు కొందామనుకుంటున్నది రెండు వందల కిలోలకు కాస్త తక్కువ. అది కాలు మీద పడితే ఎక్సెల్ పెద్దాయన ఒక్కడి వల్ల లేవదు.

గోదావరి జిల్లాల చదును రోడ్డు మీద మీరు ఆరితేరారు. కొండ మలుపుల్లో మీరు కొత్తవారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, పంచరని చెప్పాల్సిన అవసరం అసలే లేదు.

నేనూ పడ్డాను. 1987లో. బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా ఉండేవాణ్ణి. మేనేజరు గారి అమ్మాయి పెళ్ళికి అయిదు బళ్ళు వేసుకుని రాత్రిపూట బయల్దేరాం. నేను ఆఖర్న. కాలవగట్టు మీద ఎదురుగా వచ్చిన ట్రాక్టరు లైటు కళ్ళల్లో కొట్టి, పక్కనున్న గడ్డివాములోకి పోయాను. దెబ్బలేం పెద్దవి కావు, పట్టు చొక్కా పోయింది. అయిదు నిమిషాల్లో బుల్లెట్టు చప్పుడు వినబడింది. వచ్చింది మా హెడ్ క్యాషియరు. "అద్దంలో నాలుగు లైట్లు ఉండాలి, మూడే ఉన్నాయి" అన్నాడు. క్యాషియరు కదా, లెక్క తప్పితే నిద్ర పట్టదు.

మీ బృందంలో అలా లెక్కపెట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. పద్ధతి తెలిసిన బృందాలు ఎలా వెళ్తాయంటే, దారి తెలిసినవాడు ముందు, కొత్తవాడు లేదా చిన్న బండివాడు అతని వెనకే, అందరికంటే నేర్పున్నవాడు ఆఖర్న. ఆ ఆఖరివాడు ఎవరినీ దాటడు. ఎవరు ఆగితే వాళ్ళతో ఆగుతాడు. వేగం నిర్ణయించేది అందరికంటే నెమ్మదైన బండి. మిమ్మల్ని ఆఖర్న వదిలేసి ముందుకెళ్ళిన పదిహేడు మందిలో నేర్పున్నవాడు ఒక్కడూ లేడని అనను. బాధ్యత ఎవరికీ అప్పగించలేదని మాత్రం తెలుస్తోంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో 44 శాతం పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవాళ్ళే. అదిగో, మళ్ళీ ఆ మాట.

ఇప్పుడు అసలు ముడికి వస్తాను. నా ఊహ తప్పైతే మన్నించండి.

మీ ఉత్తరంలో ఆ బృందంలోవాళ్ళు మిమ్మల్ని "ఏమోయ్" అన్న చోట్లు లెక్కపెట్టాను, ఏడు. మీరు వాళ్ళను "సర్" అన్న చోట్లు లెక్కపెట్టలేకపోయాను. వారం రోజులు వాళ్ళ క్లినిక్ బయట శాంపిల్స్ బ్యాగు పట్టుకుని మీ వంతు కోసం నిలబడతారు. ఆదివారం అదే మనుషులతో బండి మీద వెళ్తారు. "టిఫిన్ క్యారేజీ" అని వాళ్ళు నవ్వింది ఆ బ్యాగును చూసి. ఆ బ్యాగు మీ ఉద్యోగం. ఫోటోలో పక్కకు పెట్టమంటే మీరు కాదనలేరు, ఎందుకంటే సోమవారం ఆయన మీ కంపెనీ మందు రాయాలి. పడ్డానని చెప్పలేకపోవడానికి కూడా ఇదే కారణమేమో. పడ్డానంటే "మీరెవరూ వెనక్కి చూడలేదు సర్" అన్నట్టవుతుంది.

ఇలాంటప్పుడు మనసు ఒక తేలిక దారి వెతుక్కుంటుంది. తేడా అంతా బండిలోనే ఉందని నమ్ముతుంది. బండి మార్చడం మన చేతిలో పని, లోను దొరుకుతుంది. కానీ రేపు 450 బండి మీద వెళ్ళినా మీరు "సర్" అనే అంటారు, వాళ్ళు "ఏమోయ్" అనే అంటారు. అప్పుడు జాకెట్టు చాలదనిపిస్తుంది. తర్వాత లడఖ్‌లో ఉమ్లింగ్ లా కనుమ చూడలేదనిపిస్తుంది. పిలిచిన ఆ డాక్టరు గారు మంచి మనసుతోనే పిలిచారని నేను నమ్ముతున్నాను. మీరంటే ఇష్టం లేకపోతే పిలిచేవారే కాదు. మిగతావాళ్ళ ఎగతాళి ఆయన గమనించి కూడా ఉండకపోవచ్చు.

మరి ఏం చెయ్యాలి? నిర్ణయం మీది. ఏ దారిన వెళ్తే ఏమొస్తుందో మాత్రం చెప్తాను.

కొత్త బండి కొని లడఖ్ వెళ్ళొచ్చు. కొండలు చూస్తారు, జీవితంలో ఒకసారైనా చూడాల్సినవే. ఖర్చు మాత్రం ఈఎమ్‌ఐతో ఆగదు. నెలకు మీరు తిరిగేది 2,250 కిలోమీటర్లు. స్ప్లెండర్ లీటరుకు అరవై అయిదు ఇస్తుందనుకుంటే ముప్పై అయిదు లీటర్లు. కొత్త బండి ముప్పై ఇస్తే డెబ్బై అయిదు లీటర్లు. లీటరు 110 రూపాయల లెక్కన నెలకు దాదాపు 4,400 అదనం. మీ కంపెనీ కిలోమీటరుకు ఇచ్చే అలవెన్సు ఇంజను పెరిగిందని పెరగదు. ఈఎమ్‌ఐతో కలిపితే 36,000 జీతంలో ఇప్పటికంటే అదనంగా దాదాపు పదమూడు వేలు బండికే పోతాయి. ఎంత ముచ్చటపడి కొన్నా స్ప్లెండర్‌ని మాత్రం అమ్మొద్దు. మీకు అన్నం పెట్టేది అది. ఇంకో సంగతి, ఇప్పుడు కొంటే జూన్ నాటికి ఆ బరువు, ఆ వేగం మీ చేతికి అలవాటు కావు. తెలియని బండి, తెలియని రోడ్డు, వెనక్కి చూడని బృందం. మూడూ ఒకేసారి వద్దు.

లడఖ్ మీద అంత మోజుంటే బండి కొనకుండా కూడా వెళ్ళొచ్చు. లేహ్‌లో బళ్ళు అద్దెకిస్తారు, మీరు కొనాలనుకుంటున్న రకమే. రోజుకు రెండు వేలు అటూ ఇటూ. మనాలీలో అద్దెకు తీసుకుని పైకి తీసుకెళ్తే మాత్రం లేహ్ చుట్టుపక్కల తిరగనివ్వరు, అక్కడి బళ్ళ యజమానుల సంఘాలు ఒప్పుకోవు. అందుకని లేహ్‌లోనే తీసుకోండి. విమానంలో దిగితే రెండు రోజులు కదలకుండా పడుకోవాలి. పదకొండున్నర వేల అడుగుల ఎత్తు అది, ఊపిరికి అలవాటు పడకుండా బండెక్కితే తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఈ దారిలో మీ భార్యని కూడా తీసుకెళ్ళొచ్చు. అన్నీ కలిపినా కొత్త బండి ఖర్చులో సగం కూడా కాదు. వాళ్ళ వరసలో మాత్రం మీరు ఉండరు. అది నష్టమో లాభమో మీరే తేల్చుకోవాలి.

స్ప్లెండర్ మీదే వెళ్ళొచ్చా అంటే, వెళ్ళొచ్చు. ఎంతోమంది వెళ్ళారు. లేహ్ దగ్గరి ఖర్దుంగ్ లా కనుమలో చాలాకాలం 18,380 అడుగులని బోర్డు ఉండేది. సరిగ్గా కొలిస్తే పదిహేడు వేల ఆరు వందలే. అయినా అక్కడ గాలి మన ఊళ్ళో ఉన్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. మీది కార్బురేటర్ బండి, శక్తి సగం పడిపోతుంది, మొదటి గేరులో ఆయాసపడుతూ ఎక్కుతుంది. ఒక్క మనిషి, తక్కువ సామాను అయితే ఎక్కుతుంది. మీ బృందం నియమం ప్రకారం వాళ్ళతో కుదరదు. ఒంటరిగా, కొండ మలుపులు ఇంకా రానివాళ్ళు, ఐదారు వేల కిలోమీటర్లు రానూ పోనూ... ఈ ఏడాదికి నేనైతే వద్దంటాను. పై ఏడాది సంగతి వేరు.

బృందాన్ని వదలకుండా ఉండాలనుకుంటే, పిలిచిన డాక్టరు గారితో విడిగా ఒక మాట చెప్పి చూడండి. క్లినిక్‌లో వద్దు. రైడ్ అయ్యాక టీ తాగేటప్పుడు. ఎగతాళి సంగతి ఎత్తకండి. "సర్, డిసెంబరులో నేను పడ్డాను, పంచరు కాదు. ఇకనుంచి ఒకళ్ళు ఆఖర్న ఉండేలా పెడితే బాగుంటుంది" అనండి. ఇది ఫిర్యాదులా ఉండదు, అందరి క్షేమం కోసం అన్న మాటలా ఉంటుంది. ఆయన మనిషైతే కదులుతాడు. నవ్వి ఊరుకుంటే, మీరూ నవ్వి, నెలకోసారి పని ఉందని చెప్పి, మెల్లగా తప్పుకోవచ్చు. మందుల ఆర్డర్లు దీనివల్ల ఆగిపోతాయని మీ టెన్షన్. ఆగవని నేను హామీ ఇవ్వలేను. కానీ రెండేళ్ళలో ఆ బృందం వల్ల పెరిగిన ఆర్డర్లు ఎన్నో మీ దగ్గర లెక్క ఉంటుంది, ఒకసారి చూసుకోండి. భయం పెద్దదో లెక్క పెద్దదో తెలుస్తుంది.

వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిందీ ఒకటుంది. జాకెట్టు, గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు. మీరు పొడుగు చేతుల చొక్కాతో వెళ్ళారు, అందుకే మోచెయ్యి అలా అయింది. మోచేతుల దగ్గర, వీపున మెత్తలున్న జాకెట్టు ఎనిమిది పది వేలల్లో వస్తుంది. మూడు లక్షల బండికంటే ముందు ఇది కొనండి. హెల్మెట్ మొహం మొత్తం మూసేది, ఐఎస్‌ఐ గుర్తున్నది ఉండాలి. డిసెంబరులో పడినప్పుడు అది నేలకు తగిలి ఉంటే, బయటికి బాగానే కనిపించినా మార్చేయండి.

తర్వాత, ఏదైనా ఆదివారం పొద్దున్నే జనం లేని గ్రౌండ్‌కి వెళ్ళండి. నలభైతో వస్తూ, ఒక ఇటుక పెట్టుకుని, దాని దగ్గర రెండు బ్రేకులూ కలిపి మెల్లగా బిగిస్తూ ఆపండి. ఎంత దూరంలో ఆగిందో అడుగులతో కొలవండి. ఇరవైసార్లు చేస్తే ముందు బ్రేకు భయం పోతుంది. ఆ తర్వాత మారేడుమిల్లి మళ్ళీ వెళ్ళండి, ఈసారి ఒంటరిగా. ఎవరి వెనకా పరిగెత్తక్కర్లేదు. ప్రతి మలుపు ముందే వేగం తగ్గించి, మలుపు ఎటు తిరుగుతుందో అటు చివరికి చూస్తూ వెళ్ళండి. కంకరనే చూస్తే బండి కంకర మీదికే పోతుంది. డిసెంబరులో జరిగింది సగం అదే. పడిన మలుపు దగ్గర ఆగి, ఎక్కడ వేగం తగ్గించి ఉండాల్సిందో నిలబడి చూడండి. నా మటుకు నాకు బండి వచ్చినవాడంటే ఈ పని చేసేవాడే.

మీ భార్య మాట ఉత్తరంలో రాసి, దాని కింద "ఆమెకు అర్థం కాదు సార్" అని రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అందరికంటే సరిగ్గా ఆలోచించింది ఆవిడే అనిపించింది. బండికి గొలుసు ఇస్తానంటోంది. గొలుసు ఆపదకు దాచుకునే వస్తువు, అయినా ఇస్తానంటోంది. ఆవిడ ముందు మీరు ఇంకా ఒక అబద్ధం బాకీ ఉన్నారు. మెట్ల మీద జారినవాడి మోచెయ్యి అలా గీరుకుపోదు, ఆవిడకు తెలిసే ఉంటుంది. లోను సంగతి మళ్ళీ ఎత్తేముందు ఆ సంగతి చెప్పండి. తిడుతుంది. తిట్టనివ్వండి. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ స్ప్లెండర్ మీద అంతర్వేది వెళ్ళారని ఒక చోట రాశారు, సముద్రపు గాలికి ఆవిడ కొంగు చక్రంలో పడకుండా ఒళ్ళో చుట్టుకుని కూర్చుందని. పదకొండు పేజీల్లో మీరు బండి గురించి నవ్వుతూ రాసిన వాక్యం అదొక్కటే.

ఇంకో చిన్న సంగతి. డిసెంబరులో వంగిన ఫుట్‌రెస్టు ఇంకా అలాగే ఉందని, కుడి కాలు కాస్త లోపలికి పెట్టుకుని నడుపుతున్నానని రాశారు. కుడి కాలే కదా వెనక బ్రేకు తొక్కేది. రేపు మండపేట వెళ్ళేదారిలోనే మెకానిక్‌కి చూపించండి. ముందు బ్రేకు కేబులు కూడా ఎలా ఉందో ఒకసారి లాగి చూడమనండి.